న్యూట్రల్‌లో దిగిన విమానం

నా నోటిని తలచుకుంటే నాకే అసహ్యం. ఇరవై ఏళ్లుగా తాండూరులో నా బండల దుకాణం ముందు కూర్చొని లేనిది ఉన్నట్టు చెప్పాను. ఎవరికీ నష్టం లేదు గనక అదొక కళ అనుకున్నాను. మా అక్క మోకాలి దగ్గర ఆ కళ తెల్లారింది.

అక్క కూతురు బొంబాయి విమానాశ్రయంలో పనిచేస్తుంది. పోయిన దసరాకు వికారాబాద్‌లో అక్క ఇంటికి వచ్చినప్పుడు, డాబా మీద బట్టలు ఆరేస్తూ, పైన పోయే విమానాన్ని నాకు చూపించింది. ఇదివరకు విమానాలు మెట్లు దిగినట్టు దిగేవట. కొంత దిగడం, అక్కడ సమంగా ఎగరడానికి ఇంజన్ గట్టిగా తిప్పడం, మళ్లీ దిగడం. ఇప్పుడు రద్దీ ఉండే విమానాశ్రయాల్లో వీలైనంతవరకు ఒకే వాలులో జారి రావాలని రూలు. ఇంజన్ సన్నగా తిరుగుతుంది, ఆగదు. ఇంధనం మిగులుతుంది, కింది ఊళ్లకు మోత తగ్గుతుంది.

ఇంత మంచి సంగతిని నేను ఉన్నదున్నట్టు చెబుతానా? ఆ పిల్ల కిందికి దిగగానే అక్క పక్కన చేరాను.

"అక్కా, అనంతగిరి గుట్ట దిగేటప్పుడు మన డ్రైవర్లు ఏం జేస్తరు?"

"న్యూట్రల్ కొడ్తరు. డీజిల్ మిగుల్తదని."

"గదే. బొంబాయి విమానం తాండూరు దాటంగనే పైలట్ ఇంజన్ బంద్ జేస్తడు. ఇగ ఉత్తగనే జారుడు. జర లెక్క తప్పితే పూడూరు చేన్లల్ల దిగుడే."

అక్క నవ్వలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఈ ఏడు అక్కకు బొంబాయిలో మోకాలి ఆపరేషన్ అయింది. ఎక్కువసేపు కూర్చోవద్దన్నారని, తిరుగు ప్రయాణానికి కూతురు విమానం టికెట్ తీసింది. అక్క ఎక్కనంది. మేనకోడలు నాకు ఫోన్ చేసింది.

"మామా, నువ్వే జెప్పినవట. నువ్వే సక్కజెయ్."

ఫోన్ అక్కకు ఇమ్మన్నాను. "అక్కా, గది అబద్ధం. ఇంజన్ బంద్ కాదు, సన్నగ నడుస్తనే ఉంటది."

"గప్పుడు జెప్పింది సాఫ్ సమజైంది తమ్మీ. గిప్పుడు జెప్పేదే అబద్ధం లెక్కుంది."

"నీ మీద ఒట్టు."

"నీ ఒట్లు నాకెరుకలేవా."

పగటి రైల్లో బయలుదేరింది. తాండూరులో నేనూ ఆ పెట్టెలోకే ఎక్కాను. నొప్పుల మందు వాసన, మరుగుదొడ్డి వాసన కలిసి గొంతులోకి వచ్చాయి. ఎదుటి సీటు మీదికి చాపిన అక్క కాలు గుమ్మడికాయలా ఉబ్బింది. అబద్ధాలు అల్లేవాణ్ని, ఇందులో ఒక్క ముక్క పెంచి చెప్పడం లేదు.

ధారూర్ దాటాక కిటికీలోంచి ఒక విమానం తూర్పుకు వాలుతూ కనిపించింది.

"సూడు, సప్పుడే లేదు. న్యూట్రల్ కొట్టిండు," అంది అక్క. రైలు మోతలో ఏ చప్పుడు వినిపిస్తుంది గనక.

పక్కనున్న ముసలామె మెడ సాచి చూసింది. "నిజంగనే ఇంజన్ బందా బిడ్డా?"

"అవ్. మా తమ్ముడు జెప్పిండు."

ఇద్దరూ నా వైపు చూశారు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఏ నోటితో చెప్పను? మూసుకొని, అక్క కాలు ఎత్తి నా ఒళ్లో పెట్టుకున్నాను.