నా స్విచ్, ఆయన పేరు

నా ప్రాజెక్టు గైడ్ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు భువనగిరి దగ్గర ఒక కాలేజీలో ఎంటెక్ చేశాను. అక్కడ ప్రాజెక్టు చేయడమంటే హైదరాబాద్ పోయి కొనుక్కురావడమే. బోర్డు, బైండు చేసిన రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు అన్నీ ఒకే సంచిలో పెట్టి ఇస్తారు. దాన్ని ఎవరూ తప్పనుకోరు. కొననివాళ్లనే వింతగా చూస్తారు.

నేను కొనలేదు. నకిరేకల్ నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చి, ల్యాబ్‌లో కూర్చుని ఒక నెట్‌వర్క్ స్విచ్ డిజైన్ చేశాను. నెట్‌వర్కులో సమాచారం మోసే ప్రతి ప్యాకెట్ తాను పోవాల్సిన తలుపు నంబరు నెత్తిన పెట్టుకుని వస్తుంది. దారిలో చిన్న చిన్న పెట్టెలుంటాయి. ఒక్కో పెట్టె రెండు ప్యాకెట్ల నంబర్లు పోల్చి చిన్నదాన్ని పైకి, పెద్దదాన్ని కిందికి పంపుతుంది. అట్లా కొన్ని వరసలు దాటేసరికి అన్నీ క్రమంలో నిలబడి, దేని తలుపుకు అది పోతుంది. నడుమ కూర్చుని పెత్తనం చేసేవాడు అక్కర్లేదు. అందుకే నాకది నచ్చింది.

"ఏడ కొన్నవమ్మా?" అన్నాడు గైడ్ నా బోర్డు చూసి.

"కొనలే సార్. నేనే చేసిన."

"అందరు గట్లనే అంటరు తియ్," అని నవ్వాడు.

వైవాకు కొద్దిరోజుల ముందు ఒక జర్నల్‌లో నా డిజైన్ కనిపించింది. నా బొమ్మలు, నా వాక్యాలు, ఆయన పేరు. నా పేరు ఎక్కడా లేదు. ఆ జర్నల్ పట్టుకుని ఆయన గదికి పోయి అడిగాను.

"గీ లొల్లి ఏంది? కొన్నదే గద, నా పేరు పెట్టుకుంటే నీకేం పోయింది?" అన్నాడు. "మార్కులు నా చేతిలున్నయ్, యాదుంచుకో."

ఛీ! అది దొంగతనమని కూడా ఆ మనిషికి తోచలేదు.

వైవాకు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం ఒక్కటే ప్రశ్న వేసింది. "రెండు ప్యాకెట్లు ఒకేసారి ఒకే తలుపుకు వస్తే?"

నేను నోరు తెరిచేలోపే గైడ్ అందుకున్నాడు. "సార్టింగ్ అయితది గద మేడం, గుద్దుకోవు."

"గుద్దుకుంటయ్," అని ఆమె ఫైలు మూసేసింది. "ఇది గూడ కొన్నదేనా?"

చాక్‌పీసు తీసుకుని నల్లబల్ల దగ్గరికి పోయాను. "ఒకే నంబరువి పక్కపక్కనే నిలబడతయి మేడం. అందుకే పక్కదాన్ని చూసి పోల్చే ఇంకో వరస పెట్టిన. అది ఒకదాన్ని వదిలి, ఒకదాన్ని ఆపుతది."

"నేను చెప్పిందే గది," అని గైడ్ తలూపాడు.

నేను ఆగిపోయాను. చాక్‌పీసు ఆయన చేతిలో పెట్టాను. "అయితే ఆపినది ఏమైతదో మీరే చెప్పుండ్రి సార్."

ఆయన నల్లబల్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు, చాక్‌పీసు మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. మేడం నన్నే చెప్పమంది. ఆపినదాన్ని మళ్లీ మొదటికి పంపిస్తానని, తర్వాతి విడతలో పోతుందని చెప్పాను. ఆమె ఫైలు తెరిచి మంచి మార్కులే వేసింది. జర్నల్‌లో పేరు మాత్రం మారలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా ఎవడూ పలకలేదు.

ఇప్పుడు జడ్చర్ల దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. మొన్న ఒక విద్యార్థిని ఆ పేపరే ప్రింటు తీసుకుని సంబరంగా వచ్చింది. "మేడం, గీ సార్ మన దిక్కే అంట. ఎంత మంచిగ చేసిండో చూడుండ్రి!"

"అది నాది," అన్నాను.

ఆ పిల్ల మొదటి పేజీ ఇంకోసారి చూసింది. "మీ పేరు లేదు గద మేడం," అంది.