గ్యాసు లేని మనిషికి గ్యాసు మాత్ర

ఆళ్లగడ్డ పెద్దలకు, పిన్నలకు, బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడిన వాళ్లకు ఇందుమూలంగా చాటడమేమనగా: నా పంక్చరు అంగడి ముందున్న బల్ల మీద ఎడమవైపు సగం ఖాళీ అయింది. అక్కడ ఎవరూ కూర్చోరాదు, తువ్వాలు పరచరాదు, కుక్కను పడుకోనీయరాదు. కారణం, పక్క షెడ్డులో దేవుళ్లను చెక్కే మామ పోయిన నెల నంద్యాల ఆసుపత్రిలో చనిపోయాడు.

నాకు బంధువేమీ కాడు. ఇరవై ఏళ్లు పక్కపక్కనే పని చేసినందుకు ఆయన మామ అయ్యాడు, ఆయన భార్య అత్త అయింది. నేను గాలి కొట్టేవాణ్ణి, ఆయన రాయి కొట్టేవాడు. పది తప్పిన నా చేత రోజూ పేపరు గట్టిగా చదివించేవాడు. తప్పు చదివితే ఉలితో బల్ల మీద టక్కున ఒకటి పడేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ టక్కుల పుణ్యమే.

ఒకసారి ఆయన చెక్కుతున్న ఆంజనేయుడి మెడలో ‘గాలి ఉచితం’ అని బోర్డు తగిలించాను. విగ్రహం చూడవచ్చిన వాళ్లు పగలబడి నవ్వారు. మామ సాయంత్రం దాకా దాన్ని తీయకుండానే పని చేసుకుని, “ఆయప్ప నిన్ను క్షమిస్తాడేమో గాని, ఈ వంకర అచ్చరాలకు నేను క్షమించనురా” అన్నాడు. మరునాడు తనే తిన్నగా రాసిచ్చాడు. ఇప్పటికీ అంగడికి వేలాడేది ఆ బోర్డే.

పోయిన ఏడాది గుండెనొప్పి వస్తే నంద్యాలలో స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు రక్తం పల్చగా ఉంచే మాత్రలు ఇచ్చి, పొద్దున్నే పరగడుపున వేసుకోమని ఇంకొకటి ఇచ్చారు. దాని పేరు మా నోళ్లలో తిరగదు. మందులంగట్లో, ఇంట్లో, బల్ల మీద, అందరం దాన్ని గ్యాసు మాత్ర అన్నాం. చెడింది అక్కడే.

మామకు తన కడుపు మీద మహా గర్వం. మిరపకాయ బజ్జీలు ఎన్ని తిన్నా తేన్పు రాదని చెప్పుకునేవాడు. అలాంటి మనిషి ఒక పొద్దున ఆ మాత్ర వేసుకుంటుంటే, డోన్ నుంచి వచ్చి టైరుకు ప్యాచీ వేయించుకుంటున్న లారీ డ్రైవరు చూశాడు.

“గుండెకు పైపు ఏసినారు సరే, గ్యాసు కనెక్షను గూడా ఇచ్చినారా అప్పా?” అన్నాడు.

బల్ల మీద వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. మామ ముఖం చిన్నబోయింది. గుండె జబ్బు మనిషి అంటే ఆయనకు బాధ లేదు. కడుపుబ్బరం మనిషి అంటే తల కొట్టేసినట్టయింది. ఆ మాత్ర ఒక్కటే మానేశాడు. అత్త చేతిలో పెట్టినవన్నీ బ్రష్షుల డబ్బాలో దాచాడు. రక్తం పల్చన చేసేవి మాత్రం తప్పకుండా వేసుకున్నాడు.

కొన్నాళ్లకు, దొడ్డికి తారులాగా నల్లగా పోతోందని నా ఒక్కడితోనే అన్నాడు. రాతిపొడి మింగుంటావులే మామా అన్నాను.

తర్వాతి వారం, సగం చెక్కిన ద్వారపాలకుడి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. నంద్యాల చేరేలోపు రక్తం కక్కుకున్నాడు. కడుపుకిచ్చిన మాత్ర వేసుకుంటున్నాడా అని డాక్టరు అడిగితే, అత్త వేసుకుంటున్నాడనే చెప్పింది. మామ తల అడ్డంగా ఊపాడు. అది గ్యాసుకు కాదమ్మా, రక్తం పల్చబడినవాళ్లకు కడుపులో పుండు పడి నెత్తురు కారకుండా కాపలా అన్నాడు డాక్టరు. దొడ్డికి నల్లగా పోయిందీ ఆ నెత్తురేనట. ఆ కాపలా అన్న మాట ఏడాది ముందు ఎవరి నోటి నుంచైనా వచ్చి ఉంటే, గుడి గుడికీ కాపలావాళ్లను చెక్కిచ్చిన ఆ మనిషి దాన్ని కళ్లకద్దుకుని మింగేవాడు.

“ఎవురు మానమన్నేరు నీకు?” అని అత్త ఆయన్ను అడిగింది.

మామ నా వైపు చూశాడు. “ఎవురూ అన్లేదు. నేనే మానుకుంటి” అన్నాడు. నేను విన్న ఆఖరి మాట అదే.

వరండాలోకి వచ్చాక అత్త అదే మాట నన్ను అడిగింది. డోన్ డ్రైవరు సంగతి చెప్పాను.

ఇప్పుడు నా అంగడి ముందు ఏ లారీ ఆగినా అత్త షెడ్డులోంచి వస్తుంది. “యా ఊరప్పా మీది?” అంటుంది. డోన్ అంటే తిట్టదు. చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, అతను తాగినంతసేపూ ముఖంలోకే చూస్తూ నిలబడుతుంది.

ఆ పొద్దున నా అంగడి ముందు లారీ లేదు. డోన్ నుంచి ఎవరూ రాలేదు. ఆ గ్యాసు కనెక్షను మాట అన్నది నేను.