ఉరుములరాజుకు తమ్ముడున్నాడా?

కబుర్లాయనకు ఆ పేరు సెలూన్‌కి వచ్చేవాళ్ళు పెట్టిందే. చేతిలో కత్తెర ఎంత ఆడేదో, నోట్లో నాలుక అంతకు రెట్టింపు ఆడేది. అద్దం పైన ఒక టీవీ. పాత దేవతల కథలను అటూ ఇటూ మార్చి తీసిన సీరియల్ ఒకటి అందులో ఏళ్ళ తరబడి నడిచింది. సింహాసనం కోసం ఉరుములరాజు సొంత తమ్ముణ్ణి కొండ మీంచి తోసేసిన రోజు, కబుర్లాయన ఒక పెద్దమనిషిని సగం గడ్డంతో, చెంపల మీద నురగతో వదిలేసి టీవీ మీద విరుచుకుపడ్డాడు.

"తోడబుట్టినవాణ్ణి తొయ్యడానికి చేతులెలా వచ్చాయిరా నీకు?"

సీరియల్ అయిపోయాక ఆయనకు ఏమీ తోచలేదు. అది చూడలేక కూతురు ఆ సీరియల్ పేరుతో వచ్చిన నవలలు కొనిచ్చింది. అట్టల మీద అవే ముఖాలు. గిరాకీ లేని మధ్యాహ్నాలు గడ్డం గీసే కుర్చీలోనే వెనక్కి వాలి చదవడం మొదలుపెట్టాడు.

మొదటి నవలలో ఉరుములరాజు ఎవర్నీ తొయ్యలేదు. తమ్ముడే కాలు జారాడు. అన్న చెయ్యి చాచాడు గాని అందలేదు. ఇన్నాళ్ళూ అన్యాయంగా తిట్టానే అని కబుర్లాయన నొచ్చుకున్నాడు. రెండో నవలలో తమ్ముడు చచ్చినట్టు నటించి, సముద్రం అవతల కాపురం పెట్టాడు. మూడో దాంట్లో ఉరుములరాజుకు అసలు తమ్ముడే లేడు.

"మరి చచ్చిందెవరే?" అని భార్యనడిగాడు.

ఆమె దుప్పటి మడత పెడుతూ, "ఎవరూ చావలేదు. అదంతా కథేగా" అంది.

"కథని నాకూ తెలుసు. ఆ కథలో ఏది నిజమని అడుగుతున్నా."

"నన్ను చంపకండి బాబూ!"

ఆయన పుస్తకాల షాపుకెళ్ళి అడిగాడు. షాపమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. "ఒక్కో పుస్తకం ఒక్కొక్కరు రాశారు బాబాయ్‌గారూ. మీకు నచ్చింది నమ్మండి."

"మనిషి ఉన్నాడో పోయాడో నా ఇష్టమేంటమ్మా?"

మనసు ఆగక అక్కకు ఫోన్ చేసి, మూడు కథలూ చెప్పాడు. అక్క నవ్వింది. "మన నాన్న కథలా ఉందిరా!"

వాళ్ళ చిన్నతనంలోనే నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. పని వెతుక్కుంటూ తెల్లారకముందే బయల్దేరాడనీ, నిద్రపోతున్న తన నుదురు నిమిరి వెళ్ళాడనీ కబుర్లాయనకు తెలుసు. ఆ మాటే అక్కతో అన్నాడు.

"నుదురేంటి, నిమరడమేంటి? మిట్టమధ్యాహ్నం భోజనం ముందు నుంచి లేచిపోయాడు. నేను గుమ్మంలోనే ఉన్నా" అంది అక్క.

"మరి నన్ను నిమిరింది?"

"నిద్రలో ఉన్నానంటున్నావుగా. నీకెలా తెలుసురా?"

కబుర్లాయన ఫోన్ పెట్టేసి, లోపలి గదిలో ఉన్న అమ్మ మంచం పక్కన కూర్చుని అడిగాడు.

"తెల్లవారుజామూ కాదు, మధ్యాహ్నమూ కాదు" అంది అమ్మ. "సాయంత్రం. నేనే పొమ్మన్నాను."

"ఎందుకమ్మా?"

"పోతాడనుకోలేదు."

ఆయన "మరి నా నుదురు?" అన్నాడు.

"నాన్నేడని నువ్వు రోజూ అడిగి ఏడ్చేవాడివి. ఏదో ఒకటి చెప్పకపోతే కన్ను మూసేవాడివి కాదు."

"అంటే అబద్ధమా?"

"ఏమోరా. చెప్పీ చెప్పీ నాకూ కళ్ళారా చూసినట్టే ఉంటుంది."

ఆ వారమంతా సెలూన్‌లో కత్తెర చప్పుడే గాని కబుర్లు లేవు. ఒంట్లో బాగాలేదా అని అందరూ పలకరించారు. ఆదివారం అక్క వచ్చింది. ముగ్గురూ కూర్చుని ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెప్పారు. ఒక్కటీ కలవలేదు. నాన్నకు గుబురు మీసం ఉండేదని కబుర్లాయన అన్నాడు. మీసమే లేదని అక్క ఒట్టేసింది. చూద్దామంటే ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు.

"అమ్మా, నువ్వైనా చెప్పు. ఉండేదా, లేదా?"

అమ్మ ఫొటో లేని గోడకేసి చూసింది.

"ఉన్నప్పుడు ఉండేది, లేనప్పుడు లేదు" అంది.

అక్క పడీ పడీ నవ్వింది. నవ్వాలో ఏడవాలో కబుర్లాయనకు అర్థం కాలేదు. అమ్మకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు.