బంగ్లా అక్షరాల్లో నా విరహం

ఎనభైల చివర్లో, ఖరగ్‌పూర్ కాలేజీలో మేం విద్యార్థులమే ఒక సాహిత్య పత్రిక నడిపేవాళ్ళం. సంపాదకుడు నాకంటే ఒక తరగతి పైనున్న బెంగాలీ అతను. అందరికీ దాదా. ఊళ్ళో ఇంతమంది తెలుగువాళ్ళుండగా పత్రికలో ఒక్క తెలుగు కవితైనా లేకపోతే ఎలాగని నన్ను పట్టుకున్నాడు.

రైల్వేవాళ్ళ ట్రాఫిక్ కాలనీలో మా వెనక క్వార్టర్స్ అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయిందని నేనప్పుడు దుఃఖంలో ఉన్నాను. నా దుఃఖం సంగతి ఆ అమ్మాయికి తెలియదు. విరహ కవిత రాశాను. మొదటి పాదం, "వాన వెలిసిన వేళ, నీవు రావు."

తీరా చూస్తే ప్రెస్సులో తెలుగు అచ్చు లేదు. "బంగ్లా అక్షరాల్లో రాసియ్యి, ఠీక్ హై?" అన్నాడు దాదా. బడిలో నేర్చిన బంగ్లాయే కదా, రాసిచ్చాను. అందులో 'వ' లేదు, 'బ'తో సరిపెట్టాను.

ఆవిష్కరణ రోజు అమ్మ పట్టుచీర కట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. నాకు మైకు చూస్తేనే వణుకు. నేను చదువుతాలే అని దాదా లేచాడు. అతనికి తెలుగు ముక్క రాదు. కళ్ళు సగం మూసి, గొంతు బరువు చేసుకుని మొదలుపెట్టాడు.

"బాన్ బెలిశిన్ బేల్, నీబు రాబు."

బేల్ అంటే బెంగాలీలో మారేడు పండు. నీబు అంటే హిందీలో నిమ్మకాయ. నా కవితలో 'నీవు' లేని పాదం లేదు. మూడో నిమ్మకాయకి వెనక వరసలు కిసుక్కుమన్నాయి. దాదా అది మెచ్చుకోలనుకుని, ప్రతి నీబునీ రెండేసిసార్లు చదివాడు. ఆఖరికి హాలంతా అతనితో కలిసి నీబు, నీబు అంటోంది. నేను తల వంచుకుని వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను.

అమ్మ చప్పట్లు కొట్టి నా వైపు వంగింది. "పళ్ళ పాట బాగుందిరా. నీ తెలుగుది ఎప్పుడు సదువుతారు?"

"అదేనమ్మా నాది."

"అదా? మరి మద్దిలో నిమ్మకాయలేటి?"

"నిమ్మకాయ కాదమ్మా. నీవు. నీవు రావు అని రాసినాను."

అమ్మ నన్ను నిలువునా చూసింది. "ఎవుర్రా రానిది?"

"నిమ్మకాయే" అన్నాను.

తర్వాతి సంచికకి దాదా ఇంకో పళ్ళ కవిత అడిగాడు, ఈసారి మామిడి పెట్టమన్నాడు. నేను హిందీలో కథ రాసిచ్చాను. అది ఎవరూ చదవలేదు.