వంగిన భుజం

“ఇంకెవురి భుజమైనా సరిచేసేముందు వాళ్లింట్లో అడుగు తల్లీ.”

“అడుగుతా అవ్వా.”

తిరుత్తణి స్టేషన్‌లో, రైల్లో కలిసిన పిల్లా నేనూ చివరగా అనుకున్న మాటలివి. నేను ఆరంబాక్కం నుంచి వచ్చి తిరువళ్లూరులో రైలెక్కితే ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. ఫోటో ఎడిటింగ్ నేర్చుకుంటోందట. పోయిన మా ఆయన ఫోటో పెద్దది చేయించడానికి పోతున్నానంటే, “నేనే బాగా చేసిస్తా” అని సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకుంది.

ఫోటో కాగితం మీది మడతలు పోగొడితే సంతోషించాను. తర్వాత చూస్తే ఆయన వంగిన కుడి భుజం ఎడమదానితో సమానంగా నిలబడి ఉంది. ఒళ్లు మండింది.

“ఎవురే ఈయన? నా మొగుణ్ణి యాడ పెట్టినావు?”

“వంకరగా ఉండె అవ్వా. భుజాలు సమంగా ఉండాలని మా సార్ చెప్పినారు. ఇట్ల చేస్తే అందరూ సంతోషపడతారు.”

“మీ సారు నలభై ఏండ్లు గుంటమగ్గంలో కూర్చున్నాడా? ఆ భుజాన్ని మగ్గం వంచింది. ఆ వంపే మాకు కూడు పెట్టింది. దాన్ని తుడిచేదానికి నువ్వెవురే?”

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. వేలితో నొక్కితే భుజం మళ్లీ దిగింది. ఇప్పుడు ఆయనే. ఒక్క వేలితో తీసేసి, ఒక్క వేలితో పెట్టే పనా అది? నాకింకా కోపం పోలేదు.

అంతే కోడలా. రాసింది చదివి వినిపించు. నా మాటలు కూడా సమం చేసినావేమో చూస్తాను.