ఏడవకుండా చెప్పడం

మా కాలేజీ టైంటేబుల్‌లో వేదవతి గారి పీరియడ్‌కు ‘లైఫ్ స్కిల్స్’ అని పేరు. పేరుండేది గానీ పీరియడ్ ఉండేది కాదు. వారానికి ఒక్కటంటే ఒక్కటి. దాన్ని కూడా కెమిస్ట్రీ వాళ్లో, మా ఫిజిక్స్ వాళ్లమో స్లిప్ టెస్టు పేరు చెప్పి లాగేసుకునేవాళ్లం. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, లోపల పిల్లలు తలలు వంచుకుని రాస్తుంటే చూసి, "పర్లేదండీ, వచ్చే వారం తీసుకుంటాను" అని వెళ్లిపోయేవారు. కోపం రావాల్సిన చోట కోపం రాని మనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ మీద మాత్రం మండేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కింద చెప్పుల దుకాణం, దాని మీద క్లాసులు, ఆపైన ఆడపిల్లల హాస్టల్. అదీ మా కాలేజీ. పిల్లలకు ఎండ తగలాలంటే మేడెక్కాలి, మేడకేమో తాళం. పొద్దున లేచింది మొదలు స్టడీ అవర్, క్లాసు, టెస్టు, మళ్లీ స్టడీ అవర్. ఇలాంటి చోట పదహారేళ్ల పిల్లలకు ఒత్తిడి తట్టుకోవడం నేర్పడమంటే, కుంపటి మీద కూర్చోబెట్టి చేతికి విసనకర్ర ఇచ్చినట్టే. ఆ మాటే ఒకసారి ఆవిడతో అన్నాను. నవ్వి, "విసనకర్రైనా ఉండాలి కదండీ" అన్నారు.

వేదవతి గారిది గుడివాడ దగ్గర పల్లె. తండ్రి హెడ్మాస్టరు. ఆ ఇంట్లో ఏడుపుకు విలువ లేదు. ఏడుస్తూ ఏమడిగినా "ముందు మొహం కడుక్కునిరా, తర్వాత విషయం చెప్పు" అనేవాడట ఆయన. ఇంటర్ కాగానే పెళ్లి చేస్తామన్నప్పుడు ఈవిడ మొహం కడుక్కుని వెళ్లి, "నాకు చదువుకోవాలని ఉంది నాన్నగారూ, ఇప్పుడు పెళ్లంటే భయంగా ఉంది, డిగ్రీ అయ్యేదాకా ఆగండి" అన్నారట. ఆయన పేపరు మడిచి "సరే" అన్నాడట. ఆ ఒక్క సరే మీద ఆవిడ బతుకంతా నిలబడింది. డిగ్రీ అయింది, విశ్వేశ్వరరావు గారితో పెళ్లయింది, ఆయన ఉద్యోగం కోసం సైదాబాద్ వచ్చి స్థిరపడ్డారు. పిల్లలు పుట్టలేదు. దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. చేసి మా కాలేజీలో చేరారు. ఆవిడ పాఠమంతా ఒక్క ముక్క: ఏం జరుగుతోందో చెప్పు, నీకెలా ఉందో చెప్పు, నీకేం కావాలో చెప్పు. గొంతు వణక్కుండా ఈ మూడూ చెప్పగలిగితే ఎదుటివాళ్లు వింటారని ఆవిడ నమ్మకం. తన ఇంట్లో విన్నారు మరి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. బళ్లు, కాలేజీలు మూతపడ్డాయి. మాది మూతపడినట్టు నటించింది. షట్టరు దించేసి, లోపల లైట్లు వేసి పాఠాలు చెప్పించారు. పిల్లల్ని కిటికీల దగ్గర నిలబడొద్దన్నారు, యూనిఫాం వేసుకోవద్దన్నారు. బతుకమ్మకు కూడా ఇళ్లకు పంపలేదు, సిలబస్ వెనకబడిందని. కింద రోడ్డు మీద జై తెలంగాణ అని ఊరేగింపు పోతుంటే, పైన మేం కాంతి వక్రీభవనం చెప్పేవాళ్లం, గొంతు తగ్గించి.

హాస్టల్ పిల్లలకు ఆదివారం ఒక్కరోజే ఫోను. వార్డెన్ కౌసల్యమ్మ బల్ల మీద ఉంటుంది, స్పీకర్ ఆన్ చేసి మాట్లాడాలి. ఆ ఆదివారాలు వినాల్సిందే. ఒకరు మొదలుపెడితే వెనక వరసలో ఉన్నవాళ్లంతా భోరుమనేవారు. అవతల తల్లులూ భోరుమనేవారు. మర్నాటికి తండ్రి ఏ పాల వ్యానో పట్టుకుని దిగేవాడు, పెట్టె సర్దించి పిల్లను తీసుకుపోయేవాడు. ఇలా గదులు ఖాళీ అవుతుంటే ప్రిన్సిపాల్ ఉపేంద్ర గారికి వేదవతి గారు గుర్తొచ్చారు.

"మేడం, మీ సబ్జెక్టుకి ఇన్నాళ్లకు పని పడింది. పిల్లలు ఫోన్లో ఏడ్చి పేరెంట్స్‌ని హడలగొడుతున్నారు. కాస్త కామ్‌గా మాట్లాడ్డం నేర్పండి. రోజూ గంట తీసుకోండి."

రోజూ గంట! ఆ మాటలో ఉన్న కిటుకు నాకు కనపడింది గానీ ఆవిడకు కనపడలేదు. పిల్లలకు చెప్పుకోవడం వస్తే చాలు, ఉండాలో పోవాలో పెద్దలు తేల్చుకుంటారని ఆవిడ లెక్క. కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా పీల్చడం, వదలడం, గొంతు తడుపుకుని మాట మొదలుపెట్టడం, అన్నీ చేయించారు. ఒకర్ని తండ్రిగా కూర్చోబెట్టి ఇంకొకరితో ఫోన్ మాట్లాడించేవారు. కన్నీళ్లొస్తే ఆగి, మొహం కడుక్కునొచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

ఆ క్లాసులో జ్యోతిక ఉంది. చిట్యాల దగ్గర పల్లె. తండ్రి మట్టయ్య లారీ డ్రైవరు. తెలుగు మీడియంలో పది చదివి, ఊళ్లో ఫస్టు వచ్చి, ఇక్కడ ఇంగ్లీషు బైపీసీలో చిట్టచివరి సెక్షన్‌లో పడింది. నా క్లాసులో బోర్డు మీదిది ఎక్కించుకునేది, అర్థమైందా అంటే తలూపేది, కళ్లు మాత్రం బిత్తరబిత్తరగా ఉండేవి. నిద్ర పట్టడం లేదని తోటి పిల్లలు చెప్పారు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొస్తోందట. ప్రతి ఆదివారం ఫోన్ పట్టుకుని ఏడవడమే తప్ప ఒక్క మాటా పూర్తిగా చెప్పేది కాదు. వేదవతి గారు ఆ పిల్లను చేరదీశారు. భోజనాల వేళ మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని సాధన చేయించారు. పిల్ల వారం తిరిగేసరికి నేర్చుకుంది. ఆవిడ ఎంత సంతోషించారో నేను చూశాను.

ఆదివారం జ్యోతిక వంతు వచ్చింది. వేదవతి గారు పక్కనే నిలబడ్డారు. పిల్ల ఊపిరి పీల్చుకుంది.

"నాయినా, నాకు ఈడ చదువు తలకెక్కుతలేదు. రాత్రి నిద్ర పడతలేదు, మస్తు భయమైతుంది. నన్ను ఇంటికి తీసుకపో."

గొంతు ఎక్కడా తొణకలేదు. అవతల మట్టయ్య నవ్వాడు.

"ఓ అరుణా, ఇటు రాయే! బిడ్డ ఎంత మంచిగ మాట్లాడుతుందో సూడు, ఏడుస్తనే లేదు!" అని భార్యను కేకేశాడు. "గంతే బిడ్డా, గట్లనే ధైర్యంగుండాలె. జర ఓపిక పట్టు. బస్సులు నడుస్తలెవ్వు గద, సమ్మె అయిపోంగనే ఒస్త. ఫోన్ పెట్టాల్నా మరి?"

కౌసల్యమ్మ తర్వాతి పిల్లను పిలిచింది. జ్యోతిక ఫోను పెట్టేసి, "థాంక్యూ మేడం" అంది. వేదవతి గారు "రేపు మీ నాన్నతో నేను మాట్లాడతానమ్మా" అన్నారు. పిల్ల తలూపింది.

తెల్లారి బియ్యం బండి వచ్చి షట్టరు సగం లేపినప్పుడు ఆ సందులోంచి జ్యోతిక వెళ్లిపోయింది. స్టడీ అవర్‌లో ఖాళీ చోటు చూసేదాకా ఎవరికీ తెలియదు. నేను గదులన్నీ వెతికి కిందికి వచ్చేసరికి ఉపేంద్ర గారు అంటున్నారు: "పోలీసుల దాకా వద్దండీ. సమ్మెలో క్లాసులు నడుపుతున్నామని బయటపడితే అద్దాలు మిగలవు. మధ్యాహ్నం దాకా చూద్దాం." పిల్ల కంటే అద్దాలు ఎక్కువైన మనిషికి ఏం చెప్తాం? వేదవతి గారు వార్డెన్ దగ్గర నంబరు తీసుకుని మట్టయ్యకు ఫోన్ చేశారు, చెప్పులేసుకుని రోడ్డెక్కారు. పోలీసులకు నేనే చెప్పాను. అక్కడా మనుషులంతా బందోబస్తుకు పోయారన్నారు. ఇక్కణ్నుంచి జరిగింది ఆవిడ రాజీనామా ఇవ్వడానికి వచ్చిన రోజు నాతో చెప్పిందే.

ఆటో లేదు, బస్సు లేదు. కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా నడిచారు. చౌరస్తాలో జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పిల్ల తన ఊరికే బయల్దేరి ఉంటే ఇక్కణ్నుంచే విజయవాడ రోడ్డు పట్టుకోవాలి. ఎవర్నో ఒకర్ని అడగాలి. నోరు తెరిస్తే తన కోస్తా యాస బయటపడుతుంది. సమ్మె మొదలైన ఆ నెల రోజుల్లో కూరగాయల బండి దగ్గర కూడా ఆవిడ సైగలతోనే బేరం చేశారట. పిల్లలకు మాట్లాడటం నేర్పే మనిషి, ఆ గుంపు అంచున నోరు పెగలక నిలబడిపోయారు.

గరిటె తిప్పుతున్న ఒకావిడ చూసి, "ఎవలు గావాలమ్మా?" అంది.

"మా కాలేజీ పిల్లండీ... పదహారేళ్లు... పొద్దుట్నుంచి కనబడ్డం లేదండీ..." అంటూనే ఆవిడ రోడ్డు మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చారు. జన్మలో అలా ఏడ్చి ఎరగనన్నారు నాతో.

గుంపు మొత్తం లేచింది. "ఆంధ్రామె లెక్కుంది" అని ఎవరో అన్నారు. గరిటె ఆవిడ కసురుకుంది: "పిల్ల తప్పిపోయిందంటుంటె ఆంధ్ర ఏంది, తెలంగాణ ఏంది? లెవ్వుండ్రి!" మళ్లీ ఆవిడే నుదురు కొట్టుకుంది. "అయ్యో, పొద్దుగాల ఒక పిల్లకు నేనే నీళ్లిచ్చిన. ఇజయవాడ రోడ్డు ఎటని అడిగింది. ఎంత నిమ్మళంగ అడిగిందమ్మా! తెలిసిన రోడ్డే గావచ్చు, ఇంటికి పోతుంది గావచ్చు అనుకున్న."

ఒకాయన మోటార్ సైకిల్ తీసి ఆవిణ్ని ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా అడుగుతూ హయత్‌నగర్ దాటారు, పెద్దఅంబర్‌పేట దాటారు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మట్టయ్య ఎదురయ్యాడు. ఎవరిదో స్కూటర్ మీద అటు నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. జ్యోతికకు ఫోన్లో మాట్లాడటం నేర్పింది తనేనని ఆవిడ చెప్పగానే మీద పడ్డంత పని చేశాడు.

"ఏం నేర్పిండ్రమ్మా నా బిడ్డకు? మా ఇండ్లల్ల కష్టమొస్తె ఏడుస్తరు. మొన్నటిదాంక ఏడ్సింది, ఎట్లన్న జేసి ఈ వారం ఒద్దామనే అనుకున్న. నిన్న ఏడ్వకపాయె. ఏడ్వకుంటె కష్టమని నాకెట్ల ఎరుకైతది? ఒక్కసారి ఏడిస్తె నడుసుకుంట ఒస్తుంటి గద మేడం!"

ఆవిడ చేతులు జోడించారు. ఆయన ఆ చేతులకేసి కూడా చూడలేదు. రోడ్డు పక్క ఛాయ్ బడ్డీ అతను, ఒక పిల్ల రాళ్ల క్వారీ దిక్కు పోయిందన్నాడు. ఆ క్వారీ గుంతలో వానాకాలం నీళ్లు నిండి ఉన్నాయని కూడా అన్నాడు. ఇద్దరూ పరుగెత్తారు. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడి ఆవిడ రెండుసార్లు బోర్లాపడ్డారు. ఆ పరుగులో ఏ దేవుణ్ని తలుచుకున్నారో గుర్తు లేదట. ఉంటే చాలు, ఉంటే చాలు అని పైకే అన్నారట.

జ్యోతిక గుంత అంచున కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టుకుంది. మట్టయ్య వెనక నుంచి వెళ్లి రెండు చేతులా చుట్టేసి ఇవతలికి లాగాడు. బిడ్డను గుండెకు హత్తుకుని, అరిచి అరిచి ఏడ్చాడు. పిల్ల తండ్రి భుజం మీద నుంచి వేదవతి గారిని చూసింది. పాదాలు బొబ్బలెక్కి పగిలిపోయి ఉన్నాయి. కళ్లు పొడిగా ఉన్నాయి.

వేదవతి గారు దగ్గరికి వెళ్లి ఆ మొహాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. "ఏడువమ్మా. నేను చెప్పిందంతా మర్చిపో. మీ నాన్నొచ్చారుగా, ఏడ్చేయ్ తల్లీ" అని బతిమాలారు.

జ్యోతిక నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంది.

"ఏడుపొస్తలేదు మేడం" అంది. "ఎట్ల ఏడ్వాల్నో చెప్పుండ్రి."