పొట్టేలు గెలిచిన పప్పన్నం

పుస్తకంలో ఒక సంగతి చదివితే సాయంత్రానికల్లా నలుగురికీ చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయే వయసు ఒకటి నాకూ ఉండేది. పదో తరగతితో బడి మానేసి సూర్యాపేటలో మా మామ బియ్యం కొట్లో కూర్చున్నాను కాబట్టి నా కాలేజీ చదువంతా గ్రంథాలయంలోనే సాగింది. (అక్కడ ఫ్యాను తిరిగేది కాదు, అందుకని బల్లలన్నీ ఖాళీగా ఉండేవి. నా విద్యకు ఆ ఫ్యానే మూలకారణం.) సాయంత్రాలు మాత్రం కబడ్డీకి. మా కొట్టుకు బస్తాలు దించే హమాలీ ఒకాయన మా జట్టుకు కెప్టెన్, అందరం బస్తా అన్న అనేవాళ్లం. జట్టులో మాంసం ముట్టనివాణ్ని నేనొక్కణ్నే. మా ఇంట్లో కోడిగుడ్డు అనే మాట కూడా మెల్లగా అనాలి. కోదాడలో పోటీలున్నాయని తెలిసిన రోజు బస్తా అన్న నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, ఏమనుకోకు. నువ్ మస్తు ఉరుకుతవ్ గానీ పట్టుకుంటే ఇడిపించుకునే తాకత్ లేదు. పప్పు తిన్నోనికి గంతే ఉంటది. నీ జాగల గుడ్ల వీరున్ని దించుత" అన్నాడు. గుడ్ల వీరుడంటే పూటకు ఆరు పచ్చిగుడ్లు తాగే మా జట్టు కుర్రాడు.

ఏడుపు ఆపుకుని తిన్నగా గ్రంథాలయానికి పోయాను. ఆహారం గురించిన పాత పుస్తకం ఒకటి దొరికింది. పప్పులు, గింజలు, ఆకుకూరలు, పల్లీలు సరిగ్గా కలిపి తింటే మాంసమూ పాలూ లేకుండానే ఆటగాడికి బలం వస్తుందని అందులో ఉంది. మర్నాడు దాన్ని మైదానంలో గట్టిగా చదివి, "ఏనుగు ఏం తింటదన్నా? గడ్డే గదా?" అని అడిగాను. "ఏనుగు కబడ్డీ ఆడంగ ఏడ సూసినవ్‌రా?" అన్నాడు గుడ్ల వీరుడు. అందరూ పడీ పడీ నవ్వారు. బస్తా అన్న నవ్వలేదు. "సరే, నెల రోజులు నీ పుస్తకం తిండే తిను. కోదాడల మొదటి ఆట ఆడిస్త. చేతగాకపోతే ఇగ నీళ్ల బిందె కాడ కూసో" అన్నాడు.

నెలంతా మొలకెత్తిన ఉలవలు, పప్పు, తోటకూర, నువ్వుల ముద్దలు తిన్నాను. పెరుగు కూడా వద్దనేసరికి నాయనమ్మ పరేషాన్ అయింది. "పెరుగేం పాపం చేసిందిరా? గా పుస్తకం రాసినాయనకు పెరుగు పుట్టలేదేమో పాపం, నీకేమైంది?" అనేది. (పాలు కూడా మానేస్తే బి12 మాత్ర వేసుకోవాలని ఆ పుస్తకం చెప్పలేదు, ఆ సంగతి చాలా ఏళ్ల తర్వాత వేరే పుస్తకంలో చదివాను.) ఆటకు ముందు ఎంత తినాలో చెప్పే పేజీని మాత్రం ఎవరో చింపుకుపోయారు. ఆ లోటును నా తెలివితో పూడ్చి, పోటీ రోజు పొద్దున ఒక పెద్ద గిన్నెడు ఉలవలు తినేసి కోదాడ బస్సెక్కాను.

మొదటి ఆటలో కూతకు వెళ్లి "కబడ్డీ" అనబోతే తేన్పు వచ్చింది. రెండోసారీ అదే వచ్చింది. మూడోసారి అవతలివాళ్లు నన్ను పట్టుకోవడానికి కూడా కష్టపడలేదు. వచ్చి నీళ్ల బిందె పక్కన కూర్చున్నాను. నెల రోజుల తిండి, చదువు, పరువు అన్నీ అక్కడే ఖతం అనుకున్నాను. అయితే మధ్యాహ్నానికి కడుపు తేలికపడింది. మిర్యాలగూడ జట్టుతో ఫైనల్ జరుగుతుండగా గుడ్ల వీరుడి చీలమండ మడతపడింది. బస్తా అన్న నా వైపు చూసి, "ఇగ దిక్కులేదు, రా" అన్నాడు. పాయింట్లు సమానంగా ఉన్నాయి, మిగిలింది చివరి కూత. వెళ్లి ఒకణ్ని తాకాను. ముగ్గురు మీద పడ్డారు. కూత వదలకుండా ముగ్గురినీ ఈడ్చుకుంటూ పాకి గీత మీద చెయ్యి వేశాను. కోదాడ అంపైరు దగ్గరికొచ్చి, "ఏవయ్యా, పొద్దున ఏం తిన్నావేంటి?" అన్నాడు. గర్వంగా చెప్పాను. "ఉలవలా? మనిషివా గుర్రానివా?" అని, ఒక తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. చివరి పాయింటు తెచ్చినవాడే బహుమతిని పట్టుకుని ఊరేగడం అక్కడి ఆనవాయితీ. తాడుకు రెండో కొసన పొట్టేలుంది.

ట్రాలీ ఆటోలో తిరిగి వస్తుంటే అది నా పక్కనే నిలబడి నా చొక్కా అంచు నములుతూ వచ్చింది. కండలు తిరిగి నిగనిగలాడుతోంది. ఆగలేక, "చూడన్నా, పుట్టినకాడ్నుంచి గడ్డి తప్ప ముట్టలేదు, ఎంత బలంగున్నదో" అన్నాను. బస్తా అన్న దాని తొడ తడిమి చూసి, "నిజమే తమ్మీ. నీ పుస్తకం సక్కగనే చెప్పింది" అన్నాడు. కొయ్యొద్దని, సాదుకుందామని బతిమాలాను. "పెయి మీద సోయి ఉన్నదా?" అని, నాకు మతి పోయిందన్నట్టు గుడ్ల వీరుడు కుంటుకుంటూనే లేచాడు. మర్నాడు కూర ఉడుకుతుంటే నేను కాస్త దూరంగా పప్పన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బస్తా అన్న అందరి ముందూ తీర్పు చెప్పాడు: "ఇగ నీ జాగ పర్మనెంట్. గెలిపిస్తవ్, నీ వాటా మాకిడుస్తవ్. గిసోంటి ఆటగాడు మల్ల ఏడ దొరుకుతడు?"

అలా నాలుగేళ్లు ఆడాను. నా స్థానం నిలబెట్టింది ఉలవలా, నేను తినని వాటాలా అని అడిగే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. ఇప్పుడు మా వీధి జిమ్ము పిల్లలు, "ఒట్టి శాకాహారంతో కండ వస్తదా అంకుల్?" అని అడిగితే, వస్తుందని లెక్కలతో సహా చెబుతాను. చెబుతున్నప్పుడు దుమ్ములో బోర్లా పడి గీత మీద చెయ్యి వేసిన ఆ బక్క కుర్రాడు గుర్తొస్తాడు. చెయ్యి వేసేముందు బహుమతి ఏమిటో ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది. తెలిసినా వేసేవాడే, వెధవ.